పది సెకన్ల నిశ్శబ్దం

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని గది
జూన్ 3

అత్తయ్యా,

నువ్వు పంపిన మెమరీ కార్డు అందింది. అరవై డైలాగులు. మంచిమాట ముందు చెప్పేస్తాను, తరవాత ఎలాగూ ఏడుపే. నాటకాలు మానేసి ఆరేళ్ళయినా నీ గొంతుకు తుప్పు పట్టలేదు. "ఎవరయ్యా కింద? బతికే ఉన్నావా?" అని నువ్వు అడగ్గానే మా గదిలో ముగ్గురం హెడ్‌ఫోన్స్ తీసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఇక ఏడుపు. ఆ అరవైలో నీతోపాటు ఎవరెవరు నటించారో చెప్పనా? నీ ఫ్యాను. నీ ఫ్రిజ్. వెనక్కి వెళ్తూ పాటపాడే లారీ. ఎవరిదో కుక్క, దానికి నువ్వు నోరు తెరిస్తే పడదు. పైవాటాలో ఎవరో మంచం ఈడ్చారు. పద్దెనిమిదో డైలాగు మధ్యలో నువ్వే తుమ్మి, "ఛీ, పాడు" అన్నావు.

మా కంప్యూటర్ ఆట సంగతి మళ్ళీ చెబుతాను, ఈసారి బుద్ధిగా విను. గని కూలి ఒక మనిషి లోపల చిక్కుకుపోతాడు. దీపం ఆరిపోతుంది. కంప్యూటర్ తెర మొత్తం నలుపు. ఆడేవాడికి కంటికి ఏమీ ఆనదు. పైనుంచి గాలిగొట్టంలోకి మాట్లాడే ముసలమ్మ గొంతు ఒక్కటే దారి. "కుడిచేతి గోడ పట్టుకో." "ఆగు, అక్కడ నీళ్ళున్నాయి." అంత లోతున, అంత చీకట్లో, ఫ్రిజ్ ఎందుకు గురక పెడుతుంది అత్తయ్యా?

అక్కర్లేని చప్పుళ్ళు తీసెయ్యడమే నా ఉద్యోగం, నిజమే. కాని గొంతుకు అంటుకున్న చప్పుడు తీయడమంటే బట్టకు అంటుకున్న జిగురు గీకడం లాంటిది. గట్టిగా గీకితే బట్టే చిరుగుతుంది. అందుకని ఫ్యాను కట్టెయ్. ఫ్రిజ్ ప్లగ్గు పీకెయ్. తలుపు వేసి సందులో దుప్పటి కుక్కు. అన్నిటికన్నా ముఖ్యం: రికార్డర్ బటన్ నొక్కాక పది సెకన్లు ఉలకద్దు, పలకద్దు. ఆ తరవాతే డైలాగు. ప్రతి డైలాగుకీ ఇంతే. ఆ పది సెకన్లలో ఉండేది ఒట్టి గది చప్పుడు. నా కంప్యూటర్ అది విని, "ఓహో, ఇది గది, మిగిలింది మనిషి" అని నేర్చుకుని, గదిని తీసేసి మనిషిని ఉంచుతుంది.

మా డైరెక్టర్‌ని మేమంతా గడియారం అంటాం, ఎప్పుడు నోరు తెరిచినా తేదీయే చెబుతాడు కనుక. రెండో అంతస్తులో ప్రకటనలు చదివే అమ్మాయి ఉంది, నీ బదులు ఆ అమ్మాయిని పెడదామన్నాడు. "అత్తయ్య కాబట్టి పట్టుబడుతున్నావా?" అనడిగాడు. "అత్తయ్య కాబట్టే ఆవిడ ఏం చేయగలదో నాకు తెలుసు" అన్నాను. అక్టోబర్ పదికి మూడువందల నలభై డైలాగులూ శుభ్రంగా చేతిలో ఉండాలి. లేకపోతే నీ గొంతు మొత్తం తీసేసి ఆ అమ్మాయి చేత చెప్పిస్తాడు. ఇది బెదిరింపు కాదు, నిన్న కాగితం మీద రాసిచ్చాడు.

అమ్మ సంగతి అడిగావు. మాట్లాడి పదకొండు నెలలు. "చెవులకు డిప్పలు తగిలించుకుని చప్పుళ్ళు ఏరుకునే ఉద్యోగమా? నేను చేసిన టీచరుద్యోగం నీకు నామోషీనా?" అన్నది ఆఖరి మాట. నువ్వూ ఆవిడా రెండు వీధుల దూరంలో ఉండి ఆరేళ్ళుగా మాట్లాడుకోకపోవడం నాకేమీ వింతగా లేదు. నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం నువ్వు నాటకానికి ఊరెళ్ళావని కదా కోపం. వెళ్ళమన్నది నాన్నే అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఎక్కదు. నేను నీ పక్షం.

నీ చెవులపిల్లి

ఇల్లు, వెనక గది
జులై 20

ఒసే చెవులపిల్లీ,

లావు స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. పేజీకి ఆరు లైన్లు పడుతున్నాయి. ఇంట్లో ఇదే దొరికింది, వెక్కిరించకు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టడం మరిచిపోయాను, పాలు విరిగాయి. ఫ్యాను కట్టేస్తే చెమటకు కుర్చీ నాకు అంటుకుపోయింది. పైవాటా ఆయన దగ్గరికి వెళ్ళి, "రోజూ మూడింటి నుంచి అయిదింటి దాకా మంచం ఎక్కడున్నది అక్కడే ఉంచండి, మీకు పుణ్యముంటుంది" అని అడిగాను. కంగారుపడి మంచం మీదే కూర్చుంటున్నాడట పాపం.

ఈ కార్డులో నూటయాభై ఉన్నాయి. పోయినసారి అరవైకి నెల పట్టింది కదా, ఈసారి చూడు ఎంత జోరో. చేయి తిరిగింది. ప్రతిదానికీ ముందు పది సెకన్లు వదిలాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను, తలుపు వేసుకునే ఉన్నాను. ముందే చెబుతున్నాను, మళ్ళీ అడుగుతావు కనుక.

పిల్లా, ఒకమాట. ఆరేళ్ళు నేను కూరగాయల వాడితో తప్ప ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడలేదు. ఈ ముసలమ్మ వచ్చాక పొద్దున్నే లేవబుద్ధవుతోంది. చీకట్లో ఎవడో పిల్లాడు నా మాట నమ్ముకుని అడుగులు వేస్తాడన్నావు చూడు, అది నాకు బాగా పట్టింది. ఈ వేషం పోనివ్వకు.

మీ అమ్మ గురించి అంత పదునుగా రాయకు. కాగితాలకి కూడా చెవులుంటాయి.

అత్తయ్య

ఆఫీసు, అదే గది
ఆగస్టు 11

అత్తయ్యా,

నాకు పిచ్చెక్కేలా ఉంది.

ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, మంచం లేదు. సంతోషించి నూటయాభై ఫైళ్ళనూ ఒకేసారి శుభ్రం చేయమని కంప్యూటర్‌కి చెప్పి వెళ్ళి కాఫీ తాగొచ్చాను. వచ్చి వింటే నీ గొంతు లేదు. ఉంది, కాని లేదు. నీళ్ళ బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది. "ఆగు" అన్న మాటలో "ఆ" ఉంది, "గు" ఎక్కడికో పోయింది. గడియారం వెనక నిలబడి విని, "ఈవిడ పైనుంచి మాట్లాడుతోందా, ఈవిడే గనిలో పడిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

పన్నెండు రోజులు కూర్చున్నాను. ఫిల్టర్ తగ్గిస్తే బుస. పెంచితే బిందె. ఇంకో వింత, దీనికి నా చదువులో జవాబు లేదు. నువ్వు మాట్లాడకముందు ఏదో ఉంది. సన్నగా ఉస్ ఉస్ మంటుంది, చివర డబ్బా మూత వేసినట్టు "ప్". తరవాత నువ్వు మాట్లాడతావు. ప్రతిధ్వని అంటే మాట అయ్యాక వస్తుంది అత్తయ్యా. నీ గదిలో మాటకన్నా ముందు వస్తోంది! పక్కింట్లో టీవీయా? రికార్డర్ కింద పడేశావా? నిజం చెప్పు, ఏమీ అనను.

నా కోపమంతా నీ మీదకు వస్తోందని నాకు తెలుసు. దానికి కారణం ఉంది. నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఎత్తలేదు. "ఇంకా అవే చప్పుళ్ళా?" అంటుంది, అంతేగా. ఆవిడతో ఎవరు మాత్రం ఎంతసేపని వేగుతారు? నాన్న ఆఖరి వారం, కళ్ళు మూసుకుని పడుకున్నది నిద్రపట్టి కాదు, అమ్మ మాటలు వినక్కర్లేకుండా ఉంటుందని. నేనెప్పుడూ అదే అనుకుంటాను.

ఇంకా నూటముప్ఫై మిగిలాయి. ఆ నూటయాభై పనికిరాకపోతే మళ్ళీ చెప్పాలి. రెండు నెలల వ్యవధి కూడా లేదు. త్వరగా జవాబు రాయి.

చెవులపిల్లి

ఇల్లు
సెప్టెంబర్ 2

అమ్మాయీ,

ఆలస్యమైంది. ఒంట్లో బాగానే ఉంది.

నలభయ్యే పంపుతున్నాను. రెండు వారాలు పని సాగలేదు. నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. ఏ వాక్యమో నీకు తెలుసనుకుంటాను. తెలియకపోతే మరీ కష్టం.

టీవీ లేదు. రికార్డర్ పడలేదు.

అత్తయ్య

ఆఫీసు
సెప్టెంబర్ 9

అత్తయ్యా,

మా ఫిల్టర్‌లో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మిగిలిన గొంతు కాక, తీసేసిన చెత్త ఒక్కటే వినిపిస్తుంది. ఎక్కువ తీసేశామేమో చూసుకోవడానికి. నేను దాన్ని ఎప్పుడో గాని వాడను. చెత్త ఎవరు వింటారు?

నిన్న మధ్యాహ్నం వేరే దారి లేక నొక్కాను. ధ్వని పూర్తిగా పెంచాను.

"కుడిచేతి గోడ పట్టుకో, కామా, పదడుగులు వెయ్యి, ఫుల్‌స్టాప్."

గుసగుసలో మనిషిని పోల్చుకోవడం కష్టం, గొంతు రంగు ఉండదు దాంట్లో. కాని కామాలూ ఫుల్‌స్టాపులూ చదివే మనిషి నాకు ఈ భూమ్మీద ఒక్కరే తెలుసు. ముప్ఫై ఏళ్ళు మూడో తరగతికి డిక్టేషన్ చెప్పిన మనిషి. నా చిన్నప్పుడు మందుసీసా మీద రాసింది కూడా అలాగే చదివేది. ఆ "ప్" డబ్బా మూత కాదు. ఫుల్‌స్టాప్‌లో "ప్".

నూటయాభై ఫైళ్ళూ విన్నాను. అన్నిట్లోనూ ఉంది. నేను ఉలకద్దు పలకద్దు అన్న ఆ పది సెకన్లలో సరిగ్గా కూర్చుని, నువ్వు చెప్పబోయే ప్రతి మాటా ముందే నీకు చెబుతోంది. నా కంప్యూటర్ ఏం చేస్తుంది పాపం? ఆ మాటలనే గది చప్పుడు అనుకుంది. వాటిని నేర్చుకుని, నువ్వు మళ్ళీ అవే మాటలు అనగానే ఏరి పారేసింది. నెలన్నర నా చాకిరీ అదన్నమాట.

ఒక్కదాన్నే ఉన్నానన్నావు. తలుపు వేసుకున్నానన్నావు. నీకోసం నేను గడియారంతో పోట్లాడుతుంటే, అమ్మ మీద నీతో చెప్పుకుని ఏడుస్తుంటే, మీరిద్దరూ ఒక గదిలో కూర్చున్నారు! ఎప్పటినుంచి? ఎందుకు? నీ కాగితం నువ్వు చదువుకోలేవా?

ఈ ప్రశ్న రాశాక పెన్ను ఆగిపోయింది. పేజీకి ఆరు లైన్లు. లావు పెన్ను. నువ్వు చదవలేవు, కదూ?

అయితే నా ఉత్తరాలు ఎవరు చదివారు?

ఇల్లు, వెనక గది
సెప్టెంబర్ 15

తల్లీ,

ఎవరు చదివారో నీకు తెలిసిపోయింది. ఇదీ ఆవిడే చదివింది. ఇప్పుడు వంటింట్లో గిన్నెలు తోముతోంది, అవి తోమిన గిన్నెలే.

కంటి మధ్యలో మసక వచ్చింది. సూటిగా చూస్తే ఏమీ లేదు, అంచుల్లో మాత్రం కనబడుతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పక్కచూపులు చూస్తున్నాను. రాయగలను, చెయ్యి అలవాటు. రాసింది చదవలేను. డాక్టరు ఇంతకన్నా బాగుపడదన్నాడు, అంతే. నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు జాలిపడతావు, మీ గడియారం జాలిపడడు. మొదటి అరవై భూతద్దంతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చెప్పాను. అందుకే నెల పట్టింది.

జూన్‌లో మీ అమ్మ వచ్చింది. ఆరేళ్ళ తరవాత గుమ్మంలో నిలబడి, "నా కూతుర్ని చెడగొట్టావు. నాతో మాట్లాడకపోయినా నీకు ఉత్తరాలు రాస్తోందట" అని మొదలుపెట్టింది. నేను డైలాగుల కాగితం ముక్కుకు ఆనించుకుని ఉన్నాను. కాసేపు తిట్టి, ఆగి, "అది తలకిందులుగా పట్టుకున్నావు" అంది. కాగితం లాక్కుని కూర్చుంది. అప్పటినుంచి రోజూ మూడింటికి వస్తోంది. పాతది ఏదీ ఎత్తలేదు. "చదవనా?" అంటుంది, "ఊ" అంటాను. అంతే మా మాటలు.

పది సెకన్ల సంగతి. ముందే చదివి తరవాత బటన్ నొక్కితే, పది సెకన్లు గడిచేలోపల మరిచిపోతున్నాను. అరవై ఎనిమిదేళ్ళ బుర్ర. స్టేజీ మీద నిశ్శబ్దం అంటే పక్కనుంచి మాట అందించేవాడి వంతు. ఆ పది సెకన్లూ ఊరికే పోతున్నాయి కదా, అందులో అందించమని నేనే అన్నాను. గుసగుసగా అంటే వినబడదనుకున్నాం. ఇద్దరికీ కలిపి నూటముప్ఫై ఏళ్ళ పైన ఉన్నాయి, ఆపాటి తెలివి లేకపోయింది.

నువ్వు ఆ వాక్యం రాశావే. నాన్న ఆఖరి వారం అన్నది. రెండు మాటలు చదివి ఆగింది. వద్దు వదినా, వదిలెయ్ అన్నాను. "రాసింది చదవాలిగా" అంది. చదివింది. "నాన్న ఆఖరి వారం, కామా" అంటూ ఫుల్‌స్టాప్ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివింది. కాగితం బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. రెండు వారాలు రాలేదు. తరవాత వచ్చి, "సగంలో వదిలేస్తే మాట పడేది నువ్వే" అని నలభై చదివిపెట్టింది.

ఇక ఈ పని మానేద్దాం. మీ డైరెక్టర్‌కి నా కళ్ళ సంగతి చెప్పేయి. ఆ పిల్లని పెట్టుకోమను. బాగా చెప్పమను.

అత్తయ్య

ఆఫీసు
సెప్టెంబర్ 22

అత్తయ్యా,

మానడం కుదరదు. ముందు పని సంగతి.

తప్పు నాది. గది చప్పుడు కోసం మొదటి పది సెకన్లే తీసుకోవాలని రూలేం లేదు. నేను విని ఉంటే తెలిసేది, కాఫీకి వెళ్ళాను. నువ్వు డైలాగు అయ్యాక వెంటనే బటన్ కట్టవు. తెర పడేదాకా కదలకూడదన్నట్టు నాలుగైదు సెకన్లు అలాగే ఉంటావు. అది అసలైన నిశ్శబ్దం. అక్కణ్ణుంచి తీసుకుని మళ్ళీ శుభ్రం చేశాను. గుసగుస నీ మాటమీద ఎక్కడా పడలేదు, కత్తిరిస్తే పోయింది. బిందె లేదు, బుస లేదు.

గడియారానికి వినిపించాను. నీ కళ్ళ సంగతీ చెప్పాను. కాసేపు తల గోక్కుని, "ఆడేవాడికి ఏమీ కనబడదు. చెప్పే ఆవిడకీ కనబడదా?" అన్నాడు. తరవాత అలవాటు ప్రకారం తేదీ చెప్పాడు. అక్టోబర్ పదికి మిగిలిన తొంభై రావాలి. వస్తే వేషం నీది.

ఆ తొంభై మీరు ఎలా చేసినా సరే. ముందు అందించినా, మధ్యలో కామాలు వేసినా. ఆఖర్న మాత్రం ఇద్దరూ అయిదు సెకన్లు ఊరుకోండి.

ఇక్కణ్ణుంచి అత్తయ్యకు కాదు.

అమ్మా, దీన్ని నువ్వే చదువుతున్నావు. గట్టిగా చదవాల్సి వస్తోందని కూడా తెలుసు. ఇష్టం లేకపోతే ఆపెయ్.

ఆసుపత్రిలో నువ్వు నాన్నకి రోజూ పేపరు చదివేదానివి. ఆయన కళ్ళు మూసుకుని ఉండేవారు. ఒకరోజు నర్సు పిలిస్తే నువ్వు మధ్యలో ఆపి లేచావు. ఆయన వెంటనే కళ్ళు తెరిచారు. నువ్వొచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాకా తలుపువైపే చూస్తూ ఉన్నారు. తరవాత మూసుకున్నారు. నేను మంచం పక్కనే కూర్చుని అంతా చూశాను. చూసి కూడా ఆ వాక్యం రాశాను.

ఇల్లు
అక్టోబర్ 4

చెవులపిల్లీ,

తొంభయ్యీ ఈ కార్డులో ఉన్నాయి. గుసగుసలు మానేసింది. "ఇప్పుడు దాపరికం ఎందుకు" అని మామూలు గొంతుతోనే చెబుతోంది, ముప్ఫైమంది పిల్లలు కూర్చున్నట్టు. పైవాటా ఆయన దిగి వచ్చి, ఆ గనిలో కుర్రాడు బయటపడ్డాడా అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

నీ ఉత్తరం చదివింది. పని సంగతంతా గలగలా చదివింది. "ఇక్కణ్ణుంచి అత్తయ్యకు కాదు" అని చదివి ఆగింది. ఆ తరవాత పైకి చదవలేదు. కాగితం మాత్రం తిప్పింది, నాకు చప్పుడు వినబడింది. నాకు ఉండబట్టక పక్కనుంచి అందించాను. "'క్షమించమ్మా' అని ఉంటుంది వదినా" అన్నాను.

"అలా ఏం రాయలేదు" అంది.

"మరేం రాసింది?"

మడిచి సంచిలో పెట్టుకుంది. కాబట్టి ఆ ఉత్తరం సగం నాకు అందలేదనే అనుకో. అడగను.

ఆఖరి డైలాగు అయ్యాక నువ్వు చెప్పినట్టు అయిదు సెకన్లు ఊరుకున్నాం. తరవాత బటన్ కట్టడం ఇద్దరం మరిచాం. అందుకని ఆ ఫైలు చివర పెద్ద గొడవ ఉంటుంది. కత్తిరించు. విన్నా నిన్నేమీ అనలేను గాని, వినకుండా ఉంటే మంచిది. ఏం జరిగిందో నేనే చెబుతాను.

ఉన్నట్టుండి, "ఆ వారం నువ్వు ఎందుకెళ్ళావు?" అంది. ఆరేళ్ళకి ఇవాళ అడిగింది. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది కదా, అన్నయ్యే వెళ్ళమన్నాడు అన్నాను.

"ఆయన వెళ్ళమన్నది నాకు తెలుసు. పక్కనే ఉన్నాను. నేను ఉండమన్నాను. వరండాలో నీ చెయ్యి పట్టుకుని అడిగాను. నా మాట నీకు చెవిన పడలేదా?"

పడలేదు తల్లీ. చెయ్యి పట్టుకోవడం గుర్తుంది. మాట గుర్తులేదు. ఆ నిమిషాన నా చెవుల్లో నా డైలాగులే తిరుగుతున్నాయి. అదే చెప్పాను. దాంతో అగ్గిమీద గుగ్గిలమైంది. నేనూ ఊరుకోలేదు. నువ్వు మాత్రం నా కబురు ఒక్కసారైనా కనుక్కున్నావా, ఆరేళ్ళు రెండు వీధులు దాటలేకపోయావా అన్నాను. గంట నుంచి అరుచుకుంటున్నాం. పోస్టు వేళ మించిపోతుందని నేనే ఇవతలికి వచ్చి ఇది రాస్తున్నాను.

ఇంకా అయిపోలేదు. అవతలి గదిలోంచి పిలుస్తోంది. నాకోసం కుర్చీ లాగిన చప్పుడు కూడా వినబడింది. వెళ్ళాలి.

అత్తయ్య